కంటికి ఇంజెక్షనా లేజరా, గుండెకు స్టెంటా బైపాసా: ఎంచుకునే ముందు చూడాల్సినవి

మా నాన్నగారికి షుగర్ మొదలై ఇరవై ఏళ్లు దాటాక, ఒకే ఏడాదిలో రెండు కబుర్లు విన్నాం. కంటి లోపలి వెనక పొర అయిన రెటీనా మీద కొత్త రక్తనాళాలు పుడుతున్నాయని, అవి చిట్లితే చూపు పోతుందని కంటి డాక్టర్ చెప్పారు. మూడు నెలలు గడవకముందే, గుండెకు రక్తం తీసుకెళ్లే మూడు నాళాల్లోనూ పూడికలున్నాయని యాంజియోగ్రామ్ చూసి గుండె డాక్టర్ చెప్పారు. రెండు చోట్లా చివరికి మా ముందుకొచ్చిన ప్రశ్న ఒకటే. "ఇలా చేయొచ్చు, అలా కూడా చేయొచ్చు. మీరేమంటారు?"

రెండు చోట్లా మేం ఒకే రకంగా ఆలోచించాం. ఏది త్వరగా అయిపోతుంది, దేంట్లో నొప్పి తక్కువ, ఎన్ని రోజుల్లో ఇంటికి పంపిస్తారు, ఇవే చూశాం. కంటికి ఇంజెక్షన్ ఎంచుకున్నాం, అది కొద్ది నిమిషాల పని కాబట్టి. గుండెకు మాత్రం డాక్టర్ గట్టిగా చెప్పబట్టి బైపాస్‌కు ఒప్పుకున్నాం. ఆపరేషన్ బాగా జరిగింది. కానీ కోలుకునే ఆ నెలల్లో కంటి ఇంజెక్షన్లు ఆగిపోయాయి. ఛాతీ గాయం మానాలి, మళ్లీ నడక అలవాటు కావాలి, మందులు కుదురుకోవాలి అనే ధ్యాసలో కన్ను సంగతే మర్చిపోయాం. మళ్లీ చూపించుకునేసరికి ఒక కంట్లో రెటీనా ఊడి ఉంది.

ఆ తర్వాతే నేను ఈ చికిత్సల మీద జరిగిన పెద్ద ట్రయల్స్ చదవడం మొదలుపెట్టాను. నేను డాక్టర్ని కాను. మీ కన్ను, మీ గుండె చూసి చెప్పాల్సింది మీ డాక్టరే. అయితే ఆ గదిలోకి వెళ్లేముందు మేం ఏం తెలుసుకుని ఉంటే బాగుండేదో మీకు చెప్పగలను. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇది: చికిత్స జరిగే రోజు ఎంత తేలిగ్గా గడుస్తుందో చూసి ఎంచుకోకండి. అది అయిపోయాక వచ్చే ఏళ్లలో మిమ్మల్ని ఏమేం అడుగుతుందో చూడండి. ఎన్నిసార్లు తిరగాలి, ఏ మాత్ర మానకూడదు, మళ్లీ ఎప్పుడు చేయించుకోవాల్సి రావచ్చు, మధ్యలో ఆపేస్తే ఏమవుతుంది.

ఎవరి మీద చూశారు, ఎన్నాళ్లు చూశారు

"పరిశోధనలో తేలింది" అని ఎవరైనా అంటే నేను ఇప్పుడు ఈ రెండూ అడుగుతాను. ఎందుకో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది.

గుండె పంపింగ్ 35 శాతానికి, అంతకన్నా కిందకి పడిపోయిన 1,212 మందిని స్టిచ్ అనే ట్రయల్‌లో రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మందులతో పాటు బైపాస్, రెండో గుంపుకు మందులు మాత్రమే. 2011లో సుమారు ఐదేళ్ల ఫలితాలు వచ్చినప్పుడు మొత్తం మరణాల్లో ఖాయంగా చెప్పదగ్గ తేడా కనిపించలేదు. అదే మనుషుల్ని పదేళ్ల దాకా గమనిస్తే, బైపాస్ గుంపులో 58.9 శాతం, మందుల గుంపులో 66.1 శాతం చనిపోయారు. ఈసారి తేడా స్పష్టం. మొదటి నెల రోజుల్లో మాత్రం ఆపరేషన్ గుంపులోనే ప్రమాదం ఎక్కువ.

అంటే బైపాస్ మొదట్లో కొంత ప్రమాదం మోయించి, ఏళ్లు గడిచేకొద్దీ దానికి ఫలం ఇస్తుంది. యాభై అయిదేళ్ల మనిషికి, ఎనభై అయిదేళ్లు వచ్చి ఇతర జబ్బులు కూడా ఉన్న మనిషికి ఈ లెక్క ఒకటి కాదు. ఇదే బలహీనమైన గుండెలకు స్టెంట్లు వేస్తే ఎలా ఉంటుందని రివైవ్డ్ అనే ట్రయల్‌లో 700 మంది మీద చూశారు. 2022లో ఫలితం వచ్చింది. మందులతో పాటు స్టెంట్లు వేసినా మరణాలు, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడాలు తగ్గలేదు. "పూడిక తీస్తే చాలు, ఎలా తీస్తే ఏం" అనుకునేవాళ్లు ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

షుగర్ వల్ల పుట్టే కొత్త నాళాలు: ఇంజెక్షన్, లేజర్

షుగర్ ముదిరినప్పుడు రెటీనాకు రక్తం సరిగా అందదు. అప్పుడది వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. దాని వల్ల బలహీనమైన కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. ఇంజెక్షన్ ఆ పదార్థాన్ని అడ్డుకుంటుంది. లేజర్ పని వేరు. రెటీనా అంచుల్లో వందలాది చిన్న చుక్కలుగా కాల్చి, ఆ పదార్థం అవసరాన్నే తగ్గిస్తుంది. లేజర్‌తో చూపు తీవ్రంగా పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 1970లలోనే పెద్ద అధ్యయనం ఒకటి నిరూపించింది. కాబట్టి లేజర్ అంటే పాతబడిన చికిత్స అని తీసిపారేయకండి.

రెంటినీ ముఖాముఖి పెట్టింది ప్రోటోకాల్ ఎస్ అనే ట్రయల్, 2015లో. 305 మంది, 394 కళ్లు. రెండేళ్ల తర్వాత అక్షరాల చార్టు మీద ఇంజెక్షన్ కళ్లు సగటున 2.8 అక్షరాలు మెరుగుపడ్డాయి, లేజర్ కళ్లు 0.2. చార్టులో ఒక వరుసకు ఐదు అక్షరాలు కాబట్టి ఇది అర వరుస తేడా. మధ్య చూపు వరకు ఇంజెక్షన్ లేజర్‌కు తీసిపోదని తేలింది. పక్క చూపు ఇంజెక్షన్ కళ్లలోనే ఎక్కువ నిలిచింది. రెటీనా మధ్యలో నీరు చేరడం కూడా ఇంజెక్షన్ కళ్లలో తక్కువ, 9 శాతం. లేజర్ కళ్లలో 28 శాతం. కంటి లోపల ఆపరేషన్ అవసరమైనవి ఇంజెక్షన్ వైపు 4 శాతం, లేజర్ వైపు 15 శాతం. ఐదేళ్లు గడిచాక చూసినా రెండు వైపులా మధ్య చూపు సగటున బాగానే, దాదాపు సమానంగానే ఉంది.

ఇది చదివితే ఎవరైనా ఇంజెక్షనే అంటారు. మేమూ అదే అన్నాం. ఇక్కడే "ఎవరి మీద చూశారు" అనే ప్రశ్న పనికొస్తుంది. ట్రయల్‌లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి పిలిచే మనుషులుంటారు, తేదీలు గుర్తు చేస్తారు. అయినా ఐదేళ్ల చివరికి వచ్చి చూపించుకున్నది బతికున్నవాళ్లలో మూడింట రెండొంతుల మందే. మరి బయట, మామూలు జీవితంలో ఆపేసినవాళ్ల సంగతి? 2019లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం సరిగ్గా దీన్నే చూసింది. ఆరు నెలలకు పైగా ఆసుపత్రికి రాకుండా పోయి, తర్వాత తిరిగొచ్చిన 76 కళ్లను పరిశీలించారు. చివరికి చూస్తే ఇంజెక్షన్ల మీదే ఉండిన 30 కళ్లలో పదింటికి రెటీనా లాగబడి ఊడింది. లేజర్ చేయించుకున్న 46 కళ్లలో ఒక్కదానికి. చిన్న అధ్యయనమే, కానీ ఎందుకలా జరిగిందో అర్థం కావడం కష్టమేమీ కాదు. ఇంజెక్షన్ మందు కొన్ని వారాల్లో కరిగిపోతుంది, కొత్త నాళాలు మళ్లీ పుడతాయి. లేజర్ ఒకసారి చేశాక మీరు వచ్చినా రాకపోయినా అక్కడే ఉంటుంది.

అందుకని నా మాట ఇది. నెల నెలా, తర్వాత రెండు మూడు నెలలకోసారి, ఏళ్ల తరబడి తప్పకుండా రాగలిగితే, తోడు తీసుకొచ్చే మనిషి ఉంటే, ఇంజెక్షన్ మంచిది. పక్క చూపు, రాత్రి చూపు బాగా అవసరమైన పనిలో ఉన్నవాళ్లకు మరీ మంచిది. దూరం, ఒంటరితనం, డయాలసిస్, ముందున్న పెద్ద ఆపరేషన్, ఏ కారణంతోనైనా తప్పిపోయే అవకాశం ఉంటే లేజర్ గురించి గట్టిగా అడగండి. ఇంజెక్షన్లు మొదలుపెట్టి, తోడుగా లేజర్ కూడా చేసే డాక్టర్లున్నారు. "ఆరు నెలలు నేను రాలేకపోతే ఈ కన్ను ఏమవుతుంది?" అని మీరే నోరు తెరిచి అడగాలి. మేం అడగలేదు. నాన్నగారి రెండో కంటికి తర్వాత లేజర్ చేయించాం. చీకట్లో కాస్త తడుముకుంటారు, కానీ ఆ కంటితో చదవగలుగుతున్నారు.

ఏ ఇంజెక్షన్?

రెటీనా మధ్య భాగమైన మాక్యులాలో నీరు చేరితే మూడు మందుల పేర్లు వినిపిస్తాయి: బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్. మొదటిది క్యాన్సర్ కోసం వచ్చిన మందు. దాన్నే చిన్న మోతాదులుగా విడదీసి కంటికి వాడతారు, అందుకే మిగతా రెంటికన్నా చాలా చవక. చవకది అనగానే ఇంట్లో వాళ్లకు టెన్షన్ మొదలవుతుంది, మనవాళ్లకు తక్కువరకం ఇస్తున్నామేమోనని.

ప్రోటోకాల్ టి అనే ట్రయల్ 660 మంది మీద ఈ మూడింటినీ పోల్చింది. 2015లో వచ్చిన ఏడాది ఫలితం అంతా, మొదలుపెట్టేటప్పుడు చూపు ఎంత ఉంది అన్నదాని మీదే ఆధారపడింది. చూపు 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకన్నా మెరుగ్గా ఉన్నవాళ్లలో మూడు మందులూ ఒక్కటే, ఏదైనా సుమారు 8 అక్షరాల లాభం. అంతకన్నా తగ్గినవాళ్లలో అఫ్లిబెర్సెప్ట్‌తో 18.9, రానిబిజుమాబ్‌తో 14.2, బెవాసిజుమాబ్‌తో 11.8 అక్షరాలు. రెండో ఏడాది చివరికి అఫ్లిబెర్సెప్ట్‌కు రానిబిజుమాబ్ మీద ఉన్న ఆధిక్యం ఖాయంగా చెప్పలేనంత తగ్గింది. బెవాసిజుమాబ్ మీద మాత్రం మిగిలింది.

మరి చూపు బాగా తగ్గినవాళ్లు చవక మందుతో మొదలుపెట్టకూడదా? దీనికి జవాబు 2022లో వచ్చిన ప్రోటోకాల్ ఏసీ. ఒక గుంపుకు మొదటి నుంచీ అఫ్లిబెర్సెప్ట్. రెండో గుంపుకు ముందు బెవాసిజుమాబ్, అది సరిపోకపోతే అఫ్లిబెర్సెప్ట్‌కు మార్పు. రెండేళ్లకు లాభం 15 అక్షరాలు, 14 అక్షరాలు. చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే చవక మందుతో మొదలైన కళ్లలో 70 శాతం చివరికి మారాల్సి వచ్చింది. కాబట్టి చవక మందుతో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. కానీ అది పనిచేయనప్పుడు గుర్తించి మార్చే డాక్టర్, స్కాన్‌కు వేళకు వచ్చే పేషెంట్, ఇద్దరూ ఉండాలి. మొదటి ఏడాదిలో ఏ మందుకైనా తొమ్మిది పది ఇంజెక్షన్లు పడ్డాయని కూడా గుర్తుంచుకోండి. ఖరీదైన మందు మూడుసార్లు వేయించుకుని ఆపేయడం కన్నా, చవక మందు పదిసార్లు క్రమం తప్పకుండా వేయించుకోవడమే మేలని నా నమ్మకం.

నీరు ఉన్నా చూపు చక్కగా ఉంటే ఆగి చూడటం కూడా ఒక దారే. చూపు 6/7.5 లేదా అంతకన్నా బాగున్న 702 మంది మీద జరిగిన ప్రోటోకాల్ వి, 2019లో, ఇంజెక్షన్, లేజర్, ఊరికే గమనించడం ఈ మూడింటినీ పోల్చింది. రెండేళ్లలో ఒక వరుస అంతకు మించి చూపు తగ్గినవాళ్లు 16, 17, 19 శాతం. దాదాపు ఒకటే. గమనించిన గుంపులో మూడింట ఒకరికి మధ్యలో ఇంజెక్షన్ అవసరమైంది, వాళ్లకు వెంటనే మొదలుపెట్టారు. ఊరికే గమనించడం అంటే వదిలేయడం కాదని ఇక్కడ తెలుస్తుంది.

గ్లకోమాకు చుక్కలా, లేజరా

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే జవాబు స్పష్టంగానే ఉంది. గ్లకోమా అంటే ఎక్కువగా కంటి ఒత్తిడి వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బు. కంటి ఒత్తిడి కొత్తగా బయటపడిన 718 మంది మీద లైట్ అనే ట్రయల్ జరిగింది. కంటి లోపలి నీరు బయటికి పోయే కోణం తెరుచుకుని ఉండే గ్లకోమా రకం ఇది. 2019 ఫలితాల ప్రకారం ముందుగా ఎస్‌ఎల్‌టీ లేజర్ చేయించుకున్నవాళ్లలో నూటికి 74 మంది మూడేళ్ల దాకా చుక్కల మందు లేకుండానే గడిపారు. చుక్కల గుంపు మొత్తంలో 11 మందికి గ్లకోమా ఆపరేషన్ అవసరమైంది, లేజర్ గుంపులో ఎవరికీ కాలేదు. రోజూ చుక్కలు వేసుకోవడం మర్చిపోయేవాళ్లు, చేతులు వణికేవాళ్లు, కళ్లు మండి మానేసేవాళ్లు ఈ లేజర్ గురించి తప్పక అడగాలి. లేజర్ ప్రభావం కొన్నేళ్లకు తగ్గవచ్చు, అప్పుడు మళ్లీ చేయవచ్చు. కోణం మూసుకుపోయే రకానికి చికిత్స వేరు, దానికి ఈ అంకెలు వర్తించవు.

గుండె నాళాలు: మాత్రలు, స్టెంట్, బైపాస్

స్టెంటా బైపాసా అని అడిగేముందు, ఈ రెండూ ఇప్పుడే అవసరమా అని అడగాలి. గుండెపోటు వచ్చి ఆసుపత్రికి చేరిన మనిషికి ఈ మాట వర్తించదు, అక్కడ మూసుకుపోయిన నాళాన్ని వెంటనే తెరవడమే ప్రాణం కాపాడుతుంది. నడిస్తే ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గిపోయే నిలకడ జబ్బు సంగతి నేను చెబుతున్నది. ఇస్కీమియా అనే ట్రయల్ అలాంటి 5,179 మందిని తీసుకుంది. సగం మందికి ముందే యాంజియోగ్రామ్, అవసరాన్ని బట్టి స్టెంట్ లేదా బైపాస్. మిగతా సగానికి ముందు మంచి మందులు, అవి చాలకపోతేనే మిగతావి. 2020లో వచ్చిన ఫలితంలో ఒకవైపు 145 మరణాలు, ఇంకోవైపు 144. నొప్పి తరచుగా వచ్చేవాళ్లకు మాత్రం ముందే పూడికలు సరిచేయించుకుంటే ఉపశమనం ఎక్కువ.

ఎడమ వైపు ప్రధాన నాళంలో పెద్ద పూడిక ఉన్నవాళ్లను, పంపింగ్ బాగా పడిపోయినవాళ్లను, కొత్తగా గుండెపోటు వచ్చినవాళ్లను ఈ ట్రయల్‌లో చేర్చలేదు. వాళ్లకు "మాత్రలు చాలట" అని ఈ ఫలితం చూపించి ధైర్యం చెప్పకండి. మిగతావాళ్లకు ఇది ఇచ్చే ఊరట పెద్దది. ఆలోచించుకోవడానికి, ఇంకో డాక్టర్‌ని అడగడానికి సమయం ఉందని అర్థం. "ఈ రాత్రే సంతకం పెట్టండి" అన్నప్పుడు, ఇది అత్యవసరమా, నిలకడ జబ్బా అని అడగడం మీ హక్కు.

ఇక షుగర్ ఉండి, ఒకటి కన్నా ఎక్కువ నాళాల్లో పూడికలుంటే? ఈ విషయంలో నాకు తెలిసిన అత్యంత స్పష్టమైన జవాబు ఫ్రీడమ్ ట్రయల్‌ది, 2012లో. 1,900 మంది, అందరికీ షుగర్. ఐదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం మూడూ కలిపి స్టెంట్ గుంపులో 26.6 శాతం, బైపాస్ గుంపులో 18.7 శాతం. ఒక్క మరణాలే చూస్తే 16.3, 10.9. వంద మందికి లెక్కేస్తే ఐదేళ్లలో అయిదారు ప్రాణాలు. కానీ పక్షవాతం ఒక్కటీ తిరగబడింది: స్టెంట్ వైపు 2.4, బైపాస్ వైపు 5.2 శాతం. ఈ చివరి అంకెను డాక్టర్లు కొందరు చెప్పరు, చెప్పినా మనం వినిపించుకోం. మెడ నాళాల్లో పూడికలున్నవాళ్లు, ఇంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లు దీని గురించి సర్జన్‌తో విడిగా మాట్లాడుకోవాలి.

ఫ్రీడమ్‌లో వాడినవి మొదటి తరం మందు పూత స్టెంట్లు, ఇప్పటివి మెరుగు అని ఎవరైనా అనవచ్చు. నిజమే. అందుకే కొత్త స్టెంట్లు, పూడిక దగ్గర ఒత్తిడి కొలిచే పద్ధతి రెండూ వాడి ఫేమ్ 3 అనే ట్రయల్ చేశారు. మూడు నాళాల జబ్బున్న 1,500 మంది. ఏడాదికి మరణం, గుండెపోటు, పక్షవాతం, మళ్లీ చేయించుకోవడం కలిపి స్టెంట్ వైపు 10.6 శాతం, బైపాస్ వైపు 6.9 శాతం. ఏడాది లెక్కలో చూస్తే, మూడు నాళాల జబ్బులో బైపాస్ ముందంజ కొత్త స్టెంట్లతోనూ పోలేదు. పాత సింటాక్స్ ట్రయల్‌లోని వాళ్లను పదేళ్ల దాకా గమనించినప్పుడు కూడా, మూడు నాళాల జబ్బున్నవాళ్లలో స్టెంట్ వైపు 28 శాతం, బైపాస్ వైపు 21 శాతం చనిపోయారు. ఎడమ ప్రధాన నాళం జబ్బున్నవాళ్లలో మాత్రం తేడా లేదు. ఆ చోట స్టెంట్ కూడా గట్టి పోటీదారే, మిగతా నాళాల్లో జబ్బు ఎంత చిక్కుగా ఉందన్నదాన్ని బట్టి.

బైపాస్‌కు ఈ బలం ఎక్కడిది? స్టెంట్ ఒక్క పూడికను తెరుస్తుంది. బైపాస్ ఆ నాళం పొడవునా ఉన్న జబ్బును దాటేసి కిందికి కొత్త దారి వేస్తుంది. ఆ పైభాగంలో రేపు ఇంకో పూడిక వచ్చినా రక్తం అందుతూనే ఉంటుంది. షుగర్‌లో నాళాలు పొడవునా పాడవుతాయి కాబట్టి తేడా వాళ్లలో ఎక్కువ. ముందువైపు ప్రధాన నాళానికి ఛాతీ లోపలి ధమనిని కలిపితే అది పదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా తెరుచుకునే ఉంటుంది. కాలి నుంచి తీసిన సిరలు అంత నిలవవు, పదేళ్లకు దాదాపు సగం మూసుకుపోతాయి. అందుకే "ఏ నాళాలు తీసి కలుపుతారు?" అని సర్జన్‌ని అడగండి. నేను ఆలస్యంగా నేర్చుకున్న మంచి ప్రశ్న ఇది.

ఒకటి రెండు నాళాల్లోనే చిన్న పూడికలు, షుగర్ లేదు, ఊపిరితిత్తులు బలహీనం, వయసు మీదపడింది, ఇలాంటి వాళ్లకు స్టెంటే సరైనది కావచ్చు. స్టెంట్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు నెలల తరబడి తప్పకుండా వేసుకోవాలి. అవి సొంతంగా మానేస్తే స్టెంట్‌లో గడ్డ కట్టి ప్రాణం మీదకు వస్తుంది.

వాల్వ్ మార్చాలంటే

మెటల్ వాల్వ్ అని అందరూ అంటున్నా అది ఎక్కువగా ప్రత్యేకమైన కార్బన్‌తో చేసినది. జీవితకాలం నిలుస్తుంది, కానీ రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ లాంటి మాత్ర జీవితాంతం వేసుకోవాలి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. జంతు కణజాలంతో చేసే టిష్యూ వాల్వ్‌కు ఆ బాధ చాలామందికి ఉండదు, కానీ పది పదిహేనేళ్లకు అరుగుతుంది, వయసు చిన్నదైతే ఇంకా త్వరగా. సాధారణంగా యాభై లోపు వాళ్లకు మెటల్, అరవై అయిదు దాటినవాళ్లకు టిష్యూ అని చెబుతారు. మధ్యలో ఉన్నవాళ్లు నిజంగా ఎంచుకోవచ్చు. పిల్లల్ని కనాలనుకునే స్త్రీల విషయంలో వయసు లెక్క ఒక్కటే చాలదు, వార్ఫరిన్ గర్భంలో బిడ్డకు హాని చేయగలదు. ఈ మాట డాక్టర్ ఎత్తకపోతే మీరే ఎత్తండి.

"ఇప్పుడు ఐఎన్ఆర్ అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి కదా" అనే మాట మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు ప్రమాదకరం. అలాంటి కొత్త మాత్ర డబిగట్రాన్‌ను మెటల్ వాల్వ్‌లకు వాడి చూసిన రీ-అలైన్ ట్రయల్‌లో గడ్డలు, రక్తస్రావాలు రెండూ పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. 2013లో ఆ ఫలితం వచ్చింది. తర్వాత ఇంకో కొత్త మాత్ర అపిక్సబాన్‌తో ఒక రకం మెటల్ వాల్వ్ మీద చేసిన ప్రయత్నాన్ని కూడా ముందే ఆపాల్సి వచ్చింది.

అయోర్టిక్ వాల్వ్ బిగుసుకుపోయినవాళ్లకు ఛాతీ కోయకుండా తొడ నాళం గుండా వాల్వ్ పెట్టే టావీ పద్ధతి ఉంది. ఆపరేషన్ ప్రమాదం తక్కువగా ఉన్న వెయ్యి మంది మీద పార్ట్‌నర్ 3 ట్రయల్ జరిగింది. ఏడాదికి మరణం, పక్షవాతం, మళ్లీ ఆసుపత్రిలో చేరడం కలిపి టావీ వైపు 8.5 శాతం, ఆపరేషన్ వైపు 15.1. ఐదేళ్లకు 22.8, 27.2. అప్పటికి తేడా ఖాయంగా చెప్పలేనంత తగ్గింది. వాళ్ల సగటు వయసు 73. యాభై అయిదేళ్ల మనిషి ఈ అంకెలు చూసి టావీ కావాలని పట్టుబడితే, ఆ వాల్వ్ అరిగిపోయే రోజుకు తను ఇంకా బతికే ఉంటాడని, అప్పుడు చేయాల్సిన పని కష్టమవుతుందని గుర్తు చేయాలి.

కన్ను ఒకవైపు, గుండె ఒకవైపు లాగినప్పుడు

కొన్ని నిర్ణయాలు ఒక అవయవానికి మంచి చేసి ఇంకోదానికి చెడు చేస్తాయని నాకు చాలాకాలం తెలియదు. అకార్డ్ అనే ట్రయల్‌లో 10,251 మంది షుగర్ పేషెంట్లున్నారు. సగం మందికి మూడు నెలల షుగర్ సగటును 6 కన్నా కిందకి తేవాలని గట్టిగా ప్రయత్నించారు. రెటీనా జబ్బు ముదరడం 10.4 శాతం నుంచి 7.3 శాతానికి తగ్గింది. కానీ అదే గుంపులో 257 మంది చనిపోయారు, మామూలు గుంపులో 203. 2008లో ఆ కఠిన చికిత్సను ఆపేశారు. గుండె జబ్బున్న పెద్దవాళ్లను "ఆరు లోపు రావాల్సిందే" అని వేధించే కుటుంబాలు ఈ అంకెలు చూడాలి.

షుగర్ తగ్గించే సెమాగ్లుటైడ్ అనే మందుది ఇంకో కథ. 2016 నాటి సస్టెయిన్-6 ట్రయల్‌లో గుండె సంబంధ ప్రమాదాలు 8.9 శాతం నుంచి 6.6కు తగ్గాయి. రెటీనా సమస్యలు మాత్రం 1.8 నుంచి 3.0 శాతానికి పెరిగాయి. అప్పటికే రెటీనా జబ్బున్నవాళ్లలో షుగర్ ఒక్కసారిగా పడిపోవడమే ప్రధాన కారణమని ఎక్కువమంది భావిస్తారు. ఆ మందు వద్దని కాదు. మొదలుపెట్టే ముందు రెటీనా చూపించుకోవాలి, మొదలుపెట్టాక త్వరగా మళ్లీ చూపించుకోవాలి.

ఇక ఫెనోఫైబ్రేట్. గుండె కోసం పరీక్షించిన కొవ్వు మాత్ర ఇది. ఫీల్డ్, అకార్డ్ రెండు ట్రయల్స్‌లోనూ గుండె విషయంలో అనుకున్నది సాధించలేదు. కంట్లో మాత్రం రెటీనా జబ్బు ముదరడాన్ని తగ్గించింది. 2024లో లెన్స్ అనే ట్రయల్ 1,151 మంది మీద కేవలం కంటి కోసమే చూసి, ముదిరే ప్రమాదం 27 శాతం తగ్గిందని చెప్పింది. మొదటి దశ రెటీనా జబ్బున్నవాళ్లు కిడ్నీల పరిస్థితి చూసుకుని డాక్టర్‌ని అడగదగ్గ మాత్ర.

రెండూ ఒకేసారి వచ్చినప్పుడు ఏది ముందు

గుండె ఆపరేషన్ ముందుంటే, దాని తేదీ ఖాయం కాగానే రెటీనా డాక్టర్‌కు చెప్పండి. కొత్త నాళాలు ఉన్న కన్నయితే, రెండు మూడు నెలలు రాలేని పరిస్థితి వస్తుంది కాబట్టి ఆలోపే లేజర్ చేయవచ్చేమో అడగండి. అలాగే ఇటీవల గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే, కంటి ఇంజెక్షన్ వేసే డాక్టర్‌కు ఆ సంగతి తప్పక చెప్పాలి. అలాంటివాళ్లను చాలా ట్రయల్స్‌లో చేర్చలేదు, కాబట్టి ఎన్నాళ్లు ఆగాలో డాక్టరే తూకం వేసి చెప్పాలి.

శుక్లం ఆపరేషన్ మాత్రం తొందరలేని పని. గుండె కుదుటపడ్డాక చేయించుకోవచ్చు. చుక్కల మత్తుతో చేసే శుక్లం ఆపరేషన్‌కు రక్తం పలచబడే మాత్రలు చాలామందికి ఆపాల్సిన అవసరం ఉండదు. కొత్తగా స్టెంట్ వేయించుకున్న మనిషి కంటి ఆపరేషన్ కోసమని సొంతంగా ఆ మాత్రలు ఆపడం కన్నా పెద్ద ప్రమాదం లేదు. రక్తపరీక్షలు, ఈసీజీ లాంటి మామూలు పరీక్షల సంగతి కూడా చెప్పాలి. 2000లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం సుమారు 19 వేల శుక్లం ఆపరేషన్లను చూసింది. ముందుగా ఈ పరీక్షలు అందరికీ చేసిన గుంపులో, చేయని గుంపులో వైద్య సమస్యలు సమానం, వెయ్యికి 31. అయితే అప్పటికి మూడు నెలల లోపు గుండెపోటు వచ్చినవాళ్లు ఆ అధ్యయనంలో లేరు. శుక్లానికి ఫెమ్టో లేజర్ అని అదనంగా అడిగే పద్ధతి అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని తీసే మామూలు ఫేకో కన్నా మెరుగైన చూపు ఇస్తుందని ఇప్పటిదాకా పెద్ద ట్రయల్స్‌లో తేలలేదు.

బైపాస్ అయి ఇంటికి వచ్చే రోజు ఇచ్చే కాగితంలో గుండె మాత్రలు, గాయం కట్టు, తర్వాతి గుండె చెకప్ తేదీ ఉంటాయి. కంటి తేదీ ఉండదు, అది ఆ విభాగం పని కాదు కాబట్టి. ఆసుపత్రి నుంచి బయటికి రాకముందే కంటి డాక్టర్‌కు ఫోన్ చేసి, తర్వాతి ఇంజెక్షన్ తేదీ అడిగి, అదే కాగితం మీద మీ చేత్తో రాసుకోండి.